కన్విన్స్ కాని కస్టమర్: సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా

ఐదు నెలల్లో బండి కంపెనీకి తొమ్మిది ఉత్తరాలు రాశాను. నాలుగు సార్లు హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌కి స్వయంగా వెళ్లాను. రెండు వందల మంది ఓనర్లున్న వాట్సాప్ గ్రూపులో పదకొండు సార్లు అడిగాను. జవాబుగా నాకు దక్కినవి కొన్ని దండం బొమ్మలు, జాబ్ కార్డు మీద ఒక వాక్యం. "నో ప్రాబ్లమ్ ఫౌండ్. కస్టమర్ కన్విన్స్‌డ్."

ఎవరు కన్విన్స్ అయ్యారు? నేను కాలేదు. ఆ మాట రాసిన సర్వీస్ అడ్వైజర్ నా మొహం కూడా చూడలేదు. చేతిలో టాబ్ చూసుకుంటూ, "మీరు సెకండ్ ఓనర్ కదా సార్?" అని మాత్రం రెండు సార్లు అడిగాడు. అవును, రెండో ఓనర్నే. హన్మకొండలో టైల్స్ దుకాణం నడుపుకునేవాణ్ని. హైదరాబాద్‌లో ఒక డాక్టర్ నాలుగేళ్లు తిప్పిన జర్మనీ బండిని కొన్నాను. రెండో ఓనర్‌కి కళ్లు ఉండవా?

ఐదు నెలల కింద నా బండి చేసిన పని వాళ్ల బండ్లూ చేశాయేమోనని, అలాంటి బండ్లే ఉన్న మిగతావాళ్లని ముఖాముఖి అడుగుదామని అదే బండిలో మూడు రోజులు తిరిగొచ్చాను. ఫోన్‌లో ఎత్తనివాళ్లు గుమ్మంలో నిలబడితే పలకక తప్పదని నా లెక్క. తిరిగొచ్చాక ఇది రాస్తున్నాను.

సూర్యాపేట: కప్పు సంగతి

తొర్రూరు మీదుగా సూర్యాపేట చేరేసరికి ఉదయం తొమ్మిది. బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాను. మా హన్మకొండలో పల్లీ చట్నీ ముద్దగా ఉంటుంది, ఇక్కడ నీళ్లలా ఉంది. అడిగితే గరిటెతో ఇంకాస్త నీళ్లే పోశాడు.

మా గ్రూపు అడ్మిన్ యాదగిరి గారిది కంకర క్రషర్. ఆదివారం కాబట్టి ఆయన షెడ్డులో ఇంకో ఇద్దరు ఓనర్లు కూడా కూర్చుని ఉన్నారు. షెడ్డు మధ్యలో తెల్ల బండి, దానిమీద ఒక గుడ్డ, ఆ గుడ్డమీద ఇంకో గుడ్డ.

"నెలకు ఎన్ని కిలోమీటర్లు తిప్పుతారు?" అని అడిగాను.

"తిప్పనియ్య సార్," అన్నాడాయన. "తిప్పితే పాడయితది. ఆదివారం బైపాస్ దాకా పోయొస్త. గంతే."

తర్వాత ముగ్గురూ కష్టసుఖాలు మొదలుపెట్టారు. ఒకాయన బండికి స్పీడ్ బ్రేకర్ ఎక్కిన ప్రతిసారీ పొట్ట గీసుకుంటుందట, అందుకని భార్యాపిల్లల్ని దింపి, బండిని ఏటవాలుగా ఎక్కించి, అవతల మళ్లీ ఎక్కించుకుంటాడట. ఇంకొకాయన బండిలో ఎలుక దూరి వైర్లు కొరికిందట. అప్పటినుంచి బానెట్ కింద పొగాకు కాడలు కడుతున్నాడు. "ఎలుక పోయింది గని, ఏసీ ఏస్తె బీడీ వాసనొస్తంది," అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అంతవరకు బాగానే ఉంది.

గుడ్డలు తీసి యాదగిరి గారు తన బండి చూపించారు. ముందు కంపెనీ గుర్తు మీద పసుపు, కుంకుమ. దానికి అడ్డంగా ఇనప తీగకు గుచ్చిన నిమ్మకాయ, ఏడు మిరపకాయలు. మా వైపు దిష్టి దండను నంబర్ ప్లేటు కింద వేలాడదీస్తారు. వీళ్లు సరిగ్గా గుర్తు మీదే కడతారు. "అది బండికి బొట్టు పెట్టే జాగ సార్," అని వివరించారు.

అప్పుడు నేను వచ్చిన పని చెప్పాను. "మీ బండి ఎప్పుడైనా ఎదురుగా ఏమీ లేకుండానే దానంతట అదే బ్రేకు వేసిందా?"

పొగాకు కాడలాయన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"గ్రూపుల గిట్లాంటియి రాయకుండ్రి సార్," అన్నాడు యాదగిరి గారు. "రేపు అమ్మాల్నంటే ఎవడు కొంటడు? మీరంటే సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్నరు. మావి షోరూం బండ్లు."

టీ వచ్చింది. వాళ్ల ముగ్గురికీ పింగాణీ కప్పులు. నాకు కాగితం కప్పు. కప్పులు తక్కువపడ్డాయేమో అని మీరు అనుకోవచ్చు. వెనక బల్లమీద ఇంకో రెండు పింగాణీ కప్పులు బోర్లించి ఉన్నాయి. నేను లెక్కపెట్టాను.

మునగాల: ఖాళీ రోడ్డు

మునగాల దాటాక, కోదాడ ఇంకా రాకముందు, రోడ్డుకి రెండు వైపులా వరి. ఐదు నెలల కింద అక్కడే జరిగింది. ఇప్పుడు బండి పక్కకి ఆపి చాలాసేపు నిలబడ్డాను.

ఆ రోజు కోదాడలో మా బావగారి చుట్టాల గృహప్రవేశం. భోజనాలయ్యాక మధ్యాహ్నం మూడింటికి బయల్దేరాం. బయల్దేరే ముందు మా అక్క బండి ముందు కాసేపు వంగి నిలబడింది. "అందరి కండ్లు దీని మీదనే పడ్డయి తమ్మీ," అంది. నేను సీట్లో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. ఆమె వెనక సీట్లో, బావ ముందు సీట్లో. పది నిమిషాల్లో బావ గురక మొదలైంది. అక్క వెనక్కి తిరిగి తాంబూలం సంచి వెతుక్కుంటోంది. ముందు వాహనం లేదు, మనిషి లేడు, కనీసం కుక్క లేదు. నా ఎదురుగా తెరమీద ఎర్ర రంగు కారు బొమ్మ ఒకటి రెప్పపాటు వెలిగింది. బండి కూతపెట్టి, నా కాలు కదలకముందే నిలువునా బ్రేకు వేసుకుంది. వెనకనుంచి ట్రాలీ ఆటో వచ్చి గుద్దింది. అక్క రెండు సీట్ల మధ్య పడింది. కుడి మణికట్టు విరిగింది.

బావ కళ్లు తెరుస్తూనే అన్న మొదటి మాట, "నిద్రపోయినవురా!"

గురక పెట్టినవాడు ఆ మాట అన్నాడు. దవాఖానలో అన్నాడు. చుట్టాలింట్లో దశదినకర్మకు వెళ్తే అక్కడ నలభై మంది ముందు అన్నాడు: "బిర్యానీ తిని కునికిండు, నా పెండ్లాం చెయ్యి ఇరగ్గొట్టిండు." అక్క మాత్రం నన్ను ఎప్పుడూ నిందించలేదు. "అయితే అయింది తమ్మీ. మనిషన్నాక నిద్ర రాదా," అంటుంది. బావ మాటకంటే నన్ను ఎక్కువ కోసేది అదే. నేను చేయని తప్పుకి ఆమె నన్ను క్షమించింది. నాకు కావలసింది క్షమించడం కాదు. నమ్మడం.

మా అక్క సకినాలు చుడితే చూడాలి. వేళ్ల మధ్య పిండి జారుతుంటే మణికట్టు తిరుగుతూ ఉంటుంది, గుడ్డమీద వరసలు వరసలుగా చుట్లు పడతాయి. మా చుట్టాల్లో ఏ పెళ్లికైనా ముందు ఆమెకే కబురు వచ్చేది. ఇప్పుడు ఆ మణికట్టు సగమే తిరుగుతుంది. ఈ ఐదు నెలల్లో ఒక్క కబురూ రాలేదు.

అక్కడున్న ధాబా యజమానురాలు ఆ రోజు అక్కకి నీళ్లిచ్చిన మనిషే. నన్ను గుర్తుపట్టింది. నా ప్రాణం లేచొచ్చింది.

"ఆ రోజు నా బండి ముందు ఏమైనా ఉందా అమ్మా? నువ్వు చూశావు కదా."

"ఏం లేదయ్యా. ఖాళీ రోడ్డే."

"చూశావా మరి!"

"అందుకే గద అందరం నిద్రపోయిండనుకున్నం," అంది.

టీ పదిహేను రూపాయలు. బాగానే పెట్టింది గాని సగం వదిలేశాను.

కోదాడ: తలుపు వేసి చెప్పిన మాట

కోదాడలో మెస్సు భోజనం ఆంధ్రా వాసన కొడుతుంది. ముద్దపప్పు, గోంగూర, కారప్పొడి మీద నెయ్యి. వడ్డించేవాడు "ఇంకాస్త వేయించుకోండి" అని బతిమాలతాడు. మా వైపు అడిగితే వేస్తారు, ఇక్కడ వద్దన్నా వేస్తారు. మాట కూడా అంతే, ప్రతి దానికీ "అండీ" తగిలిస్తారు. పని జరగదని చెప్పడానికి కూడా.

ఇక్కడ నేను కలిసినాయన సుబ్బారావు గారు, పురుగుమందుల డీలరు. బండి రిపేరుకి విజయవాడ తీసుకెళ్తాడు. నన్ను దుకాణం వెనక గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"నాకూ జరిగిందండీ. రెండుసార్లు. ఒకసారి మా ఆవిడ పక్కన ఉండగానే."

నేను కుర్చీలోంచి లేచాను. ఐదు నెలల్లో మొదటిసారి ఒక మనిషి ఆ మాట అన్నాడు. సంచిలోంచి కాగితం తీశాను. ఇంటి దగ్గరే టైప్ చేయించుకొచ్చాను, కింద సంతకం పెడితే చాలు.

ఆయన కాగితం మొత్తం చదివి మడిచి నా చేతికే ఇచ్చాడు. "సంతకం వద్దులెండి. ఊళ్లో నాలుగు చేతుల్లో పడుతుంది. అంత పోసి కొన్నది పాడైందని నేనే రాసిస్తే నవ్వుతారండీ."

"మా అక్క చెయ్యి విరిగిందండీ."

"అయ్యో, పాపం. భోంచేశారా?" అన్నాడు.

మఠంపల్లి: ఏమీ జరగని బండి

రెండో రోజు హుజూర్‌నగర్ మీదుగా మఠంపల్లి. సున్నపురాయి లారీలు తిరిగి తిరిగి రోడ్డు తెల్లబడింది. చెట్ల ఆకులు కూడా తెల్లగా ఉన్నాయి. రాయి గుచ్చుకుని టైరు పంక్చరైంది. ఈ బండ్లకి స్టెప్నీ ఉండదు. గాలి లేకపోయినా కొంతదూరం నడిచే టైరు ఇస్తారు. పంక్చర్ షాపతను దాన్ని చూసి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "గీ టైరుకు నేను సెయ్యి పెట్ట సార్. పోతే నన్ను అమ్మినా రాదు."

గ్రూపులో ఎప్పుడూ ఒక్క ముక్క రాయని ఇన్నారెడ్డి గారిది ఆ ఊరే. ఫోన్ చేస్తే పది నిమిషాల్లో వచ్చాడు. లుంగీ, బనియను, కాళ్లకి సున్నపు దుమ్ము. వచ్చింది నా బండి లాంటి బండిలోనే, అదే మోడలు, అదే ఏడాది. పంక్చర్ పెట్టె తెచ్చి, దుమ్ములో కూర్చుని, తానే పాచ్ వేశాడు. ఇంట్లో కృష్ణా చేపల పులుసుతో అన్నం పెట్టించాడు. నేను కలిసిన ఓనర్లలో ఫిర్యాదు చేయలేని మనిషి ఈయనొక్కడే.

"మీ బండి దానంతట అదే బ్రేకు వేసిందా?"

"ఒక్కపారి గూడ లేదు."

"గుర్తు తెచ్చుకోండి."

"లేదన్న లేదయ్యా. రోజూ గనికి గీ దుమ్ములనే పోత. ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. లేనిది ఉందని ఎట్ల చెప్పాలె?"

నేను ఆయన బండి చుట్టూ తిరిగాను. నా బండి కంటే మురికిగా ఉంది. తలుపులమీద గీతలు. లోపల అద్దానికి సిలువ ఉన్న జపమాల వేలాడుతోంది. ముందు గుర్తు మీద బొట్టు లేదు, దండ లేదు, ఉత్త దుమ్ము. నేను చూశాను గాని అది ఏమిటో నాకు తట్టలేదు. "ఇంత మురికి బండి సరిగ్గా నడుస్తుందంటే లోపం నా బండిలోనే ఉంది," అనుకున్నాను. కంపెనీ మీద కోపం ఇంకాస్త పెరిగింది.

మిర్యాలగూడ: సైదులు

మూడో రోజు నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ. ఊరి బయటనుంచే రైస్ మిల్లుల పొగగొట్టాలు, ఉడికిన వడ్ల వాసన. నేను వెతుక్కుంటూ వెళ్లిన మిల్లు ఓనరు ఊళ్లో లేడు. ముందురోజు ఫోన్‌లో "రండి రండి" అన్నవాడే. అది కూడా రాసిపెట్టుకున్నాను.

ఆయన డ్రైవరు సైదులు మాత్రం మిల్లు ఆవరణలో బండి తుడుస్తున్నాడు. యాభై ఏళ్లుంటాయి, జుట్టు మీద తవుడు దుమ్ము. నేను ఎదురుచూస్తూ, ఇంకెవరూ లేక, ఆయనకే నా కథ మొదలుపెట్టాను. ఎర్ర బొమ్మ దగ్గరికి రాగానే తుడవడం ఆపాడు.

"ఆ దినం ముందటికి దండ కట్టిన్రా సార్?"

"ఏ దండ?"

"నిమ్మకాయ దండ."

కోదాడలో బండి ముందు వంగి, అక్కడివాళ్ల బండ్లకున్నట్టే గుర్తు మీద దండ కట్టిన అక్క కళ్లముందు మెదిలింది.

సైదులు కంపెనీ గుర్తు మీద వేలితో కొట్టి చూపించాడు. "దీని ఎన్క సెన్సర్ ఉంటది. బండికి గదే కన్ను. కంటి ముందల నీళ్ల కాయ ఊగుతాంటె దానికి ఏం కనవడ్తది? ఎదురుంగ ఏదో ఉన్నదనుకుంటది. అన్నిపార్లు గాదు, ఎప్పుడన్న ఒకపారి. దుమ్ము ఏం జెయ్యదు. ఇనప తీగ, పచ్చి కాయ, గవే పరేషాన్ జేస్తయి."

"నీకెవరు చెప్పారు?"

"ఎవలు సెప్తరు? మా సార్ ఉండంగ రెండుపార్లు కొట్టింది బ్రేకు. నిద్రపోతున్నవా బే అని తిట్టిండు. ఇగ నేనే ఒక్కొక్కటి తీసుకుంట సూసిన. దండ తీసినంక మల్ల కొట్టలే."

నేను నమ్మలేదన్నాను. ఆయన డిక్కీ తెరిచాడు. లోపల మూలన వాడిపోయిన దండలు, ఆరో ఏడో. ఒక కొత్త దండ తీసి నా బండి గుర్తు మీద కట్టాడు. మిల్లు వెనక లారీలు లేని రోడ్డు మీద నెమ్మదిగా నడిపాడు. నేను పక్కన కూర్చుని తెర వైపే చూస్తున్నాను. మూడో చక్కరులో, ఖాళీ రోడ్డు మీద, ఎర్ర కారు బొమ్మ రెప్పపాటు వెలిగి ఆరిపోయింది. బ్రేకు పడలేదు. ఇంకో పది సార్లు తిప్పాం, మళ్లీ వెలగలేదు.

అదే బొమ్మ. నేను నిద్రపోలేదు.

ఐదు నెలలు ఈ ఒక్క క్షణం కోసం తిరిగాను. అది వచ్చినప్పుడు గెలిచినట్టు అనిపించలేదు. ఎందుకంటే ఆ దండ గుచ్చింది అక్క. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. సర్వీస్ సెంటర్‌కి వెళ్లేముందు, రెండో ఓనరని చులకన చేస్తారేమోనని, బండిని మెరిసేలా కడిగించింది నేనే. దండ తెంపి కాలవలో పారేసింది నేనే.

"ఈ సంగతి మీ సార్‌కి చెప్పావా?"

"లేదు."

"నిన్ను తిట్టాడు కదా!"

"దండ కట్టేది అమ్మగారు సార్. మా సార్ సల్లంగ ఉండాల్నని కడ్తది. సెప్తే ఆమె మనసుల పడ్తది. ఆమె కట్టంగనే గేటు దాటి తీసి డిక్కీల ఏస్త. మొక్కు మొక్కే, బండి బండే." మళ్లీ తుడుపుగుడ్డ అందుకుని, "తిట్టు నాకేం కొత్త సార్?" అన్నాడు.

ఆయన మంచి మనిషి. నేను ఆయనలాంటి మనిషిని కాను.

హన్మకొండ: ఇంటికొచ్చాక

తిరుగు దారంతా అనుకుంటూనే వచ్చాను, చెప్పకూడదని. ఆ మాట నిలబెట్టుకుందామనే అక్క ఇంటికి వెళ్లాను. బావ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "ఏం రా, దొరికిండా నీ సాక్షి? మల్ల బండి నడిపినవా, నిద్ర రాలేదా?" అన్నాడు.

అంతే. మొత్తం చెప్పేశాను. సెన్సర్, దండ, ఎర్ర బొమ్మ, సైదులు, డిక్కీలో దండలు. ఒక్కటీ వదల్లేదు. బావ కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"అంటే ఏందిరా? నా పెండ్లాం చెయ్యి నా పెండ్లామే ఇరగ్గొట్టుకున్నదంటవా?"

నేను అనలేదు. ఆయనే అన్నాడు. కాని ఆ మాట గదిలోకి తెచ్చింది నేను.

అక్క కుడి చేతిని ఒళ్లో పెట్టుకుని, తిప్పి చూసుకుంది. అది సగం వరకు తిరిగి ఆగింది. తర్వాత లేచి వెళ్లి గుమ్మానికి కట్టిన నిమ్మకాయ దండను ఎడమచేత్తో తెంపింది. గుమ్మానికి సెన్సర్ లేదక్కా అని చెప్పబోయాను. చెప్పలేదు.

మరునాడు మళ్లీ వెళ్లాను. "అయితే అయింది అక్కా. నువ్వు మా మంచి కోసమే కడితివి," అన్నాను. ఐదు నెలలుగా ఆమె నాతో అన్న మాటే తిప్పి ఆమెతో అన్నాను. అది చెవిన పడితే ఎంత గుచ్చుకుంటుందో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. అయినా వేరే మాట దొరకలేదు.

"నేనే చేసిన్నా, తమ్మీ?" అని అడిగింది.

"చెప్పలేం. ఒక్కసారే వెలిగింది బొమ్మ."

"మరి ఎవలు చెప్తరు? ఆ కంపెనోళ్లను అడుగు. నా నిమ్మకాయనా, వాళ్ల మిషనా? నాదే అయితే నాదే అనుమను. నాకు తెల్వాలె."

అందుకని ఇది మీ కంపెనీకి నా పదో ఉత్తరంగా కూడా పంపిస్తున్నాను. బ్రేకు ఎప్పుడు పడింది, ఎందుకు పడింది అన్నది బండి తన లోపల రాసుకుంటుందని మీ సర్వీస్ అడ్వైజరే నాకు చెప్పాడు. ఆ రాత మీ దగ్గరుంది. తెరిచి చదవండి. ఇంకో సంగతి. బండితో మీరిచ్చిన పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివించాను. మంచు పేరుకుంటే ముందు భాగం తుడవమని ఉంది. మునగాలలో మంచు ఎక్కడ పడుతుంది? నిమ్మకాయ దండ గురించి ఒక్క ముక్క లేదు. ప్రతి బండికీ మొదటి పూజ మీ షోరూం ముందే జరుగుతుంది. బొట్టు ఎక్కడ పెడతామో, దండ ఎక్కడ కడతామో మీవాళ్లు పక్కన నిలబడి చప్పట్లు కొడుతూ చూస్తారు. తెలిసీ చెప్పలేదా? తెలియకనే అమ్మారా?

మా అక్క పేరు సుగుణ. చదువు ఏడో తరగతి. రోజూ మధ్యాహ్నం మూడింటికి ఆ చేతిని చూసుకుంటూ కూర్చుంటోంది. నాకు జవాబు ఇవ్వకపోయినా ఫర్వాలేదు, నేను అలవాటుపడ్డాను. మీలో ఒకరు వచ్చి ఆమె ఎదురుగా కూర్చుని చెప్పండి, ఆ రోజు బండిని ఆపింది ఎవరు? చెప్పాక ఆమె మొహం చూసి, అప్పుడు రాసుకోండి కార్డు మీద, కన్విన్స్‌డ్ అని.